జర్నలిజం, డిబేట్.. స్కూల్లోనే నేర్చుకోవచ్చా? జడ్చర్ల పిల్లల ముందున్న దారులివే

జడ్చర్ల: టెన్త్ రిజల్ట్స్ రాగానే జడ్చర్ల, బాదేపల్లిలో ఏ ఇంట్లో చూసినా నడిచే ముచ్చట ఒకటే. ఎంపీసీనా, బైపీసీనా? లెక్కలంటే భయమైతే సీఈసీ. అంతే, ముచ్చట అయిపోతుంది. స్టేజీ ఎక్కితే తడబడకుండా మాట్లాడే పిల్ల, ఊర్లో జరిగింది నాలుగు లైన్లలో సూటిగా రాయగల పిల్లగాడు కూడా వీటిలోనే ఏదో ఒక దాంట్లో సర్దుకోవాలి.

అదే పిల్లల చేతిలో ఇప్పుడు ఫోన్ ఉంది. యూట్యూబ్ చానల్ పెట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. వీడియో తీయడం, కట్ చేయడం చూసి నేర్చేసుకుంటున్నారు. కానీ తీసిన దాంట్లో నిజమెంత? అవతలి వాళ్లను కూడా అడిగామా? ఎవరి ముఖం చూపించకూడదు? ఇవి చూసి వచ్చే విద్యలు కావు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. మరి ఇవి చెప్పే క్లాసు మన స్కూళ్లలో ఉందా?

సూటిగా చెప్పాలంటే, తెలంగాణ స్టేట్ సిలబస్ హైస్కూల్లో 'జర్నలిజం' పేరుతో గానీ, 'డిబేట్' పేరుతో గానీ విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టు లేదు. అయితే సబ్జెక్టు పేరు లేకపోయినా పని మాత్రం చాలా చోట్ల దాగి ఉంది. అదెక్కడుందో తెలిస్తే వాడుకోవచ్చు.

టెన్త్ తెలుగు పేపర్లోనే సగం జర్నలిజం

సర్కారు బడిలో ప్రార్థన టైమ్ గుర్తు చేసుకోండి. ప్రతిజ్ఞ అయ్యాక ఒక విద్యార్థి ముందుకొచ్చి ఆ రోజు పేపర్లోని ముఖ్యమైన వార్తలు చదువుతాడు. చాలా స్కూళ్లలో ఏళ్ల తరబడి నడుస్తున్న అలవాటు ఇది. లోటల్లా ఒక్కటే. పిల్లలు హెడ్డింగులు చదివి వెళ్లిపోతారు. ఆ వార్త ఎవరు చెప్పారు, నిన్నటి వార్త ఏమైంది అని అడిగేవాళ్లు ఉండరు.

ఇక తెలుగు పరీక్ష. 'సృజనాత్మకత' కింద వచ్చే ప్రశ్నలు చూడండి. ఫలానా వ్యక్తిని ఇంటర్వ్యూ చేయడానికి ప్రశ్నలు తయారు చేయండి అంటారు. కరపత్రం రాయమంటారు. పత్రికకు లేఖ రాయమంటారు. ఇద్దరి మధ్య సంభాషణ రాయమంటారు. టెన్త్ తెలుగు వాచకంలోని 'లక్ష్యసిద్ధి' పాఠమైతే కథ కాదు, పద్యం కాదు. అది సంపాదకీయ వ్యాసం. అంటే ఎడిటోరియల్ ఎలా ఉంటుందో పదో తరగతి పిల్లలకు పుస్తకమే చూపిస్తోంది. గైడు చూసి ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టినా మార్కులు రావొచ్చు, అది వేరే సంగతి. ఇంటర్వ్యూ చేయకుండా ఇంటర్వ్యూ ప్రశ్నలు నేర్చుకోవడం అంటే ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడమే.

ఇంటర్నల్స్‌లోనూ చోటుంది. టెన్త్‌లో సబ్జెక్టుకు 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. ఈ ఇంటర్నల్స్ ఎత్తేయాలని 2024 నవంబర్‌లో సర్కారు ఉత్తర్వులిచ్చి, ఆ ఏడాదికి వెంటనే వాయిదా వేసింది. ఇంటర్నల్స్‌లో పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అని నాలుగు భాగాలుంటాయి. ఇందులో ప్రాజెక్టు పనిని నెట్‌లో దొరికిన బొమ్మలు అతికించి ఇవ్వొచ్చు. లేదా ఊర్లో నలుగురిని అడిగి, లెక్కలు రాసుకుని ఒక రిపోర్టుగా ఇవ్వొచ్చు. మార్కులు అవే. నేర్చుకునేది మాత్రం ఒకటి కాదు.

ఇంటర్‌కు వస్తే, 2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లిష్‌కు ప్రాక్టికల్స్ పెట్టారు. 80 మార్కులు రాత పరీక్షకు, 20 ప్రాక్టికల్‌కు. సైన్స్ ల్యాబ్ ఎలాగో మాట్లాడటానికి ఇదీ అలాగే. ఇన్నేళ్లూ ఇంగ్లిష్ అంటే రాయడమే అనుకున్న పిల్లలకు నోరు తెరిస్తే మార్కులు రావడం కొత్త.

సీబీఎస్ఈలో కోడ్ నంబర్ 835

సీబీఎస్ఈలో మాత్రం నేరుగా సబ్జెక్టే ఉంది. 11, 12 తరగతుల స్కిల్ సబ్జెక్టుల లిస్టులో 'మాస్ మీడియా స్టడీస్', కోడ్ 835. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 12 నుంచి 15 గంటల్లో అయిపోయే చిన్న మాడ్యూళ్లలో మీడియా అక్షరాస్యత మీద ఒకటుంది. హిందీ కోర్ తీసుకున్న పిల్లలకు ఎన్‌సీఈఆర్‌టీ 'అభివ్యక్తి ఔర్ మాధ్యమ్' అనే పుస్తకం ఇస్తుంది. వార్త ఎలా రాయాలి, ఫీచర్ అంటే ఏంటి, రేడియోకు రాయడం ఎలా.. ఇవన్నీ అందులో పాఠాలే.

ఇక్కడ తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. లిస్టులో ఉన్న సబ్జెక్టు ప్రతి స్కూల్లో ఉండదు. టీచర్ ఉండాలి, సరిపడా పిల్లలు తీసుకోవాలి, స్కూలు బోర్డుకు చెప్పి అనుమతి పొందాలి. బ్రోచర్‌లో ఏముందో చూసి కాదు, 'ఈ ఏడాది 835 నడుపుతున్నారా?' అని సూటిగా అడిగాకే అడ్మిషన్ తీసుకోవాలి.

స్కూలుతో సంబంధం లేని దారి ఎన్‌ఐఓఎస్. కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్. సీనియర్ సెకండరీలో 'మాస్ కమ్యూనికేషన్' అనే సబ్జెక్టు ఉంది, కోడ్ 335. మొత్తం కోర్సు చేయకుండా పార్ట్ అడ్మిషన్ కింద కావాల్సిన సబ్జెక్టులు మాత్రమే, నాలుగు దాకా తీసుకునే వీలుంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి రాసే సీయూఈటీలోనూ మాస్ మీడియా - మాస్ కమ్యూనికేషన్ ఒక సబ్జెక్టు. అంటే ఢిల్లీలోనో ఇంకోచోటో జర్నలిజం డిగ్రీ చేయాలనుకునే పిల్లలకు ఈ చదువు నేరుగా పనికొస్తుంది.

అక్కడి తెలుగు పిల్లలకు ఇది రోజూ ఉండే పీరియడ్

ఇప్పుడు పాలమూరు నుంచి టెక్సస్ వెళ్దాం. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడి హైస్కూల్ పిల్లలు లెక్కలు, సైన్స్‌తో పాటు ఎలెక్టివ్‌లు ఎంచుకుంటారు. ఆ లిస్టులో జర్నలిజం, స్కూల్ న్యూస్‌పేపర్, ఇయర్‌బుక్, బ్రాడ్‌కాస్ట్ జర్నలిజం, డిబేట్ ఒకటి, రెండు, మూడు.. ఇలా మెట్లు మెట్లుగా ఉంటాయి. అవి ఎక్స్‌ట్రా క్లాసులు కావు. టైమ్‌టేబుల్లో పీరియడ్ ఉంటుంది, టీచర్ ఉంటారు, గ్రేడ్ వస్తుంది.

ఇది నిన్న మొన్నటిది కాదు. టెక్సస్ యూనివర్సిటీ 1910లోనే హైస్కూళ్ల కోసం డిబేటింగ్ లీగ్ మొదలుపెట్టింది. తర్వాత ఆటల పోటీలు కూడా కలిసి అదే యూఐఎల్ అయింది. దేశవ్యాప్తంగా చూస్తే 1925లో విస్కాన్సిన్ రాష్ట్రం రిపాన్ కాలేజీలో బ్రూనో జాకబ్ అనే ప్రొఫెసర్ నేషనల్ ఫోరెన్సిక్ లీగ్ పెట్టారు. ఇక్కడ ఫోరెన్సిక్ అంటే నేర పరిశోధన ల్యాబ్ కాదు, వాదనా కళ అని అర్థం. అందరూ పొరబడుతున్నారనో ఏమో, 2014లో పేరు మార్చి నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్ చేశారు.

అక్కడ డిబేట్‌లో రకాలున్నాయి. లింకన్-డగ్లస్ పద్ధతిలో ఒకరికి ఒకరు. 1858లో ఇల్లినాయిలో అబ్రహం లింకన్, స్టీఫెన్ డగ్లస్ మధ్య జరిగిన ఏడు చర్చల పేరు మీద వచ్చింది. ఏది న్యాయం, ఏది ధర్మం లాంటి ప్రశ్నలు ఇందులో వస్తాయి. పబ్లిక్ ఫోరమ్ పద్ధతి 2002లో మొదలైంది. ఇద్దరికి ఇద్దరు. మామూలు జనానికి అర్థమయ్యేలా మాట్లాడాలన్నది దీని రూల్. మొదట్లో దీనికి టెడ్ టర్నర్ పేరు పెట్టారు. ఆయనెవరో కాదు, 1980లో సీఎన్ఎన్ మొదలుపెట్టిన మనిషి. ఆట మొదలయ్యే ముందు బొమ్మా బొరుసూ వేస్తారు. గెలిచిన జట్టు ఏ వైపు వాదించాలో ఎంచుకుంటుంది, లేదంటే ముందు మాట్లాడాలా తర్వాత మాట్లాడాలా అన్నది ఎంచుకుంటుంది. కాబట్టి రెండు వైపులా తయారై రావాల్సిందే.

టీవీలో డిబేట్ చూసి ఇదీ అలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. టీవీలో నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. స్కూల్ డిబేట్‌లో అవతలివాళ్ల టైమ్‌లో నోరెత్తితే మార్కులు పోతాయి.

ప్రిన్సిపాల్ రెండు పేజీలు తీసేస్తే..

అమెరికా కదా, స్కూల్ పేపర్లో పిల్లలు ఏం రాసినా నడుస్తుందనుకోవద్దు. 1983లో మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ దగ్గర హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో జరిగింది ఇది. అక్కడ జర్నలిజం-2 క్లాసు పిల్లలు 'స్పెక్ట్రమ్' అనే స్కూల్ పేపర్ తెచ్చేవాళ్లు. ఒక సంచికలో రెండు కథనాలు రాశారు. ఒకటి అదే స్కూల్లో గర్భం దాల్చిన అమ్మాయిల గురించి. రెండోది తల్లిదండ్రుల విడాకుల వల్ల పిల్లలు పడే బాధ గురించి. ప్రెస్‌కు వెళ్లే ముందు ప్రిన్సిపాల్ చూసి, ఆ కథనాలున్న రెండు పేజీలూ తీసేశారు.

పిల్లలు కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988 జనవరి 13న 5-3 తేడాతో తీర్పు స్కూలుకు అనుకూలంగా వచ్చింది. క్లాసులో భాగంగా వచ్చే పేపర్ కాబట్టి, చదువు సంబంధమైన సరైన కారణం ఉంటే స్కూల్ అందులో కోత పెట్టొచ్చని కోర్టు చెప్పింది. అంతకుముందు 1969లో, వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల బ్యాడ్జీలు కట్టుకున్న పిల్లల కేసులో ఇదే కోర్టు పిల్లల వైపు నిలబడింది. రెండింటికీ తేడా ఏంటంటే, బ్యాడ్జీ పిల్లల సొంతం. పేపర్ స్కూలుది. ఆ తీర్పు నచ్చని కొన్ని రాష్ట్రాలు తర్వాత సొంత చట్టాలు చేసి విద్యార్థి విలేకరులకు రక్షణ ఇచ్చాయి. కాలిఫోర్నియాలో అలాంటి చట్టం 1977 నుంచే ఉంది.

ఈ కేసులో ప్రిన్సిపాల్ చెప్పిన అభ్యంతరాలు కూడా వినాల్సినవే. అమ్మాయిల పేర్లు మార్చినా, కథనం చదివితే ఎవరో పోల్చుకునే వీలుందన్నారు. విడాకుల కథనంలో కూతురు తండ్రి మీద ఆరోపణలు చేసింది, ఆ తండ్రి ఏమంటాడో ఎవరూ అడగలేదన్నారు. పేజీలు తీసేయడం తప్పా ఒప్పా అన్నది పక్కన పెడితే, ఈ రెండు అభ్యంతరాలూ ఏ న్యూస్ డెస్క్‌లో అయినా లేచేవే. పిల్లలకు ఆ మాటలు ముందే చెప్పి, కథనం బాగు చేయించి ఉంటే కోర్టు దాకా పోయేది కాదేమో.

మాట మీద ఎగతాళి.. పాలమూరు జవాబు

మైక్ ముందు నిలబడటానికి పాలమూరు పిల్లలు వెనకాడేది చాలాసార్లు విషయం తెలియక కాదు. యాస వల్ల. 'నా తెలుగు విని నవ్వుతరు' అన్న భయం. ఈ భయానికి వందేళ్ల చరిత్ర ఉంది, దాన్ని ఎదిరించిన చరిత్ర కూడా ఉంది.

1921 నవంబర్. హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు మహర్షి కర్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ ప్రసంగాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకట రామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేశారు, ఎగతాళి చేశారు. ఆ అవమానంతో అదే రాత్రి కొందరు తెలుగువాళ్లు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. అదే పెరిగి 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ అయింది. దానికి అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. మరుసటి ఏడాది నల్గొండ జిల్లా దేవరకొండలో రెండో సభ. అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు. తర్వాత 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన ఆయన పేరే జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఉంది. ఆ కాలేజీ గేటు ముందు నుంచి రోజూ పోయే పిల్లల్లో ఈ కథ ఎంతమందికి తెలుసో మరి.

సురవరం 1896లో పుట్టారు. సొంతూరు ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. నిజాం రాజ్యంలో, ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1926 మే 10న 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1922లో, నల్గొండలో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. అదే ఏడాది వరంగల్ వైపు ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక తెచ్చారు. అంటే దక్షిణ తెలంగాణకు జర్నలిజం కొత్తగా నేర్పాల్సిన విద్యేం కాదు.

జర్నలిజానికీ డిబేట్‌కీ ఉన్న లంకె ఏంటో తెలియాలంటే సురవరం చేసిన ఒక పని చూస్తే చాలు. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా అని ఒకాయన రాశారు. దానికి కోపంతో జవాబు రాయొచ్చు, సభ పెట్టి తిట్టొచ్చు. సురవరం అలా చేయలేదు. కవుల పద్యాలు, వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వచ్చింది. అందులో 354 మంది కవులున్నారు. లేరన్న మాటకు ఇంతకు మించిన జవాబు ఉండదు. డిబేట్ కోచ్‌లు 'ఎవిడెన్స్' అని తలలు బాదుకునేది దీని కోసమే.

పత్రిక నడిపినందుకు ప్రాణం పోగొట్టుకున్న వాళ్లూ ఈ గడ్డ మీద ఉన్నారు. 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు చంపేశారు.

హైదరాబాద్ తెలుగు యూనివర్సిటీకి సురవరం పేరు పెడుతూ 2025 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. ఆ యూనివర్సిటీలో జర్నలిజం కోర్సు ఉంది. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి నడుస్తోంది.

40 నిమిషాల పీరియడ్‌లో డిబేట్ అవుతుందా?

అవుతుంది. పబ్లిక్ ఫోరమ్ పద్ధతిని కొంచెం కుదిస్తే సరిపోతుంది. ఇద్దరు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. నలుగురికీ తలా 3 నిమిషాలు అంటే 12. మధ్యలో ఒకరినొకరు ప్రశ్నించుకోవడానికి 3 నిమిషాల చొప్పున రెండుసార్లు, అంటే 6. చివర్లో ముగింపు వాదనకు జట్టుకు 2 నిమిషాలు, 4. మొత్తం 22 నిమిషాలు. మిగతా 18 నిమిషాలు మిగిలిన క్లాసువి. వాళ్లు ఖాళీగా కూర్చోకూడదు. కాగితం మధ్యలో నిలువు గీత గీసి, అటు వైపు ఏమన్నారు, ఇటు వైపు దానికేం జవాబిచ్చారు అని పక్కపక్కన రాసుకోవాలి. దీన్ని డిబేటర్లు 'ఫ్లో' అంటారు. ఎవరు గెలిచారన్నది ఆ కాగితం చూసి చెప్పాలి తప్ప ఎవరు మన దోస్తు అని చూసి కాదు. జవాబు లేకుండా మిగిలిపోయిన పాయింట్ ఏ వైపుదో కాగితం మీద కనిపిస్తుంది.

అసలు చిక్కు టాపిక్ దగ్గర. 'సెల్‌ఫోన్ మంచిదా, చెడ్డదా' అని పెడితే అందరూ వాట్సాప్‌లో చదివిందే చెబుతారు. జడ్చర్ల పిల్లలకు టాపిక్‌లు వెతుక్కోవాల్సిన పనే లేదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలో భాగమైన ఉదండాపూర్ రిజర్వాయర్ ఈ మండలంలోనే ఉంది. నీళ్లొస్తే ఎండిన పొలాలు పచ్చబడతాయి, వలస ఆగుతుందన్న ఆశ ఒకవైపు. ఉదండాపూర్, వల్లూరు ఊళ్లు ముంపులో పోతాయన్న బాధ ఇంకోవైపు. పోలేపల్లి సెజ్ సంగతీ అంతే. ఫార్మా కంపెనీల్లో ఉద్యోగాలు ఒక లెక్క, భూములు పోయిన రైతుల గోడు ఇంకో లెక్క.

అయితే జాగ్రత్త. ఇలాంటి టాపిక్ మీద రెండు వైపులా వాదించమంటే, ముంపు ఊరి పిల్లకు రిజర్వాయర్ కావాలని వాదించే వంతు రావొచ్చు. అది ఆమెకు ఆట కాదు, ఇల్లు. ఆ పిల్లను బలవంతంగా నిలబెట్టడం తప్పు. అలాగని ఆ టాపిక్కే వద్దనుకుంటే, పుస్తకంలో ఉన్నది తప్ప ఊర్లో ఉన్నది మాట్లాడకూడదని నేర్పినట్టవుతుంది. ప్రశ్నను 'రిజర్వాయర్ కావాలా వద్దా' అని కాకుండా 'పునరావాసం పూర్తయ్యాకే నీళ్లు నింపాలా' అని మారిస్తే రెండు వైపులా మాట్లాడటానికి వీలవుతుంది. టాపిక్ రాయడమే సగం పని అని డిబేట్ టీచర్లు అనేది ఇందుకే.

భాష సంగతి కూడా ముందే తేల్చాలి. ఇంగ్లిష్ డిబేట్ ఇంగ్లిష్ కోసం, తెలుగు డిబేట్ వాదన కోసం. పాలమూరు యాసలో మాట్లాడితే మార్కులు తగ్గించే జడ్జి, 1921 నాటి సభలో గోల చేసినవాళ్ల వారసుడే అనుకోవాలి.

పిల్ల రిపోర్టర్లు తెలుసుకోవాల్సిన చట్టం

వార్త రాయడానికి మొదటి సూత్రం అందరికీ తెలిసిందే. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. అసలు సంగతి మొదటి రెండు లైన్లలోనే వచ్చేయాలి. చదివేవాళ్లు ఎక్కడ ఆపేసినా నష్టం ఉండకూడదు. స్కూల్ గోడ పత్రికకు ఇది చాలు. ఉదాహరణకు బడి ముందు రోడ్డు దాటడం కష్టంగా ఉందని రాయాలనుకోండి. 'చాలా వాహనాలు వస్తున్నాయి' అంటే అది ఫిర్యాదు. బడి వదిలే టైమ్‌లో అరగంట నిలబడి ఎన్ని లారీలు, ఎన్ని బస్సులు పోయాయో లెక్కపెట్టి, ట్రాఫిక్ పోలీసు ఏమన్నారో కూడా రాస్తే అది వార్త.

సర్కారు నుంచి సమాచారం కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. చిన్నపిల్లలం కదా, మాకెవరిస్తారు అనుకోవద్దు. లక్నోలో పదేళ్ల స్కూలు పాప 2012లో ఒక అర్జీ పెట్టింది. గాంధీజీకి 'జాతిపిత' బిరుదు ఏ ఉత్తర్వు ప్రకారం ఇచ్చారో చెప్పమంది. ప్రధాని ఆఫీసు, హోం శాఖ, నేషనల్ ఆర్కైవ్స్ చుట్టూ తిరిగి చివరికి అలాంటి ఉత్తర్వు ఏదీ తమ దగ్గర లేదని జవాబొచ్చింది. దేశమంతా వార్త అయింది.

ఫోన్ చేతిలో ఉన్న ప్రతి విద్యార్థికీ తెలియాల్సింది ఇంకోటి ఉంది. లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ఫొటో, అడ్రస్, కుటుంబం వివరాలు, చదివే స్కూలు.. వీటిలో ఏది బయటపెట్టినా పోక్సో చట్టం సెక్షన్ 23 కింద నేరం. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కేసుల్లో ఉన్న పిల్లలు, బాధిత పిల్లలు, సాక్షులైన పిల్లల గుర్తింపును 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కాపాడుతుంది. అక్కడ ఆరు నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పేపర్, టీవీ మాత్రమే కాదు, సమాచారం చేరవేసే ఏ రూపమైనా ఇందులోకి వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలి. హేజల్‌వుడ్ ప్రిన్సిపాల్ భయం కూడా ఇదే కదా. పేరు రాయకపోయినా, ఊరు పేరు, క్లాసు, ఇంటి గుర్తు రాస్తే పోల్చుకోవడానికి చిన్న ఊర్లో ఎంతసేపు?

ఇప్పటికిప్పుడు మొదలుపెట్టాలంటే..

కొత్త సబ్జెక్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు ఏడాదిలో పది రోజులు పుస్తకాల బ్యాగ్ లేకుండా స్థానికంగా పనిచేసే వాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. వడ్రంగి, కుమ్మరి దగ్గరికి పంపినట్టే ఒక రోజు పత్రిక విలేకరి వెంట కూడా పంపొచ్చు. ఎన్నికల సంఘం హైస్కూళ్లలో పెట్టించిన ఎలక్టోరల్ లిటరసీ క్లబ్‌లు ఉన్నాయి. 9వ తరగతి నుంచి పిల్లలు ఇందులో చేరొచ్చు. జనవరి 25 ఓటర్ల దినోత్సవానికి వక్తృత్వ పోటీ పెట్టి వదిలేయకుండా ఏడాదంతా నడిపితే అదే డిబేట్ క్లబ్.

అన్నింటికంటే రెడీగా ఉన్నది యూత్ పార్లమెంట్. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లో ఢిల్లీ స్కూళ్లతో దీన్ని మొదలుపెట్టింది. 1988లో కేంద్రీయ విద్యాలయాలకు, 1997-98లో నవోదయ విద్యాలయాలకు వచ్చింది. ఉమ్మడి పాలమూరు జిల్లాలోని వట్టెంలో నవోదయ ఉంది. చాలా ఏళ్లు మామూలు సర్కారు బడికి ఇందులో దారి లేదు. 2019 నవంబర్ 26న నేషనల్ యూత్ పార్లమెంట్ స్కీమ్ పోర్టల్ తెరిచాక గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా చేరే వీలొచ్చింది. 9 నుంచి 12 తరగతుల వాళ్లది 'కిశోర సభ'. డిగ్రీ, పీజీ వాళ్లది 'తరుణ సభ'.

స్పీకర్, ప్రధాని, ప్రతిపక్ష నేత, మంత్రులు అందరూ విద్యార్థులే. ప్రశ్నోత్తరాల సమయం ఉంటుంది, బిల్లు మీద చర్చ ఉంటుంది. అసలు పార్టీల పేర్లు, అసలు నాయకుల పేర్లు తీసుకురాకూడదన్నది రూల్. కిశోర సభకు రిజిస్ట్రేషన్ స్కూల్ తరఫున చేయాలి. కాబట్టి ముందు ఒప్పించాల్సింది హెడ్మాస్టర్‌ను. సభ అయ్యాక రిపోర్టు, ఫొటోలు పోర్టల్‌లో పెడితే సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లోనే వస్తాయి. ఆ రిపోర్టును పిల్లల చేతే రాయిస్తే జర్నలిజం పీరియడ్ కూడా అందులోనే అయిపోతుంది.